గుర్రం ఎవరిది, దాణా ఎవరిది: సీమలో రిసాలా మాటల వెనక లెక్కలు

గుర్రపు దళం, అదే రిసాలా, అనంగానే చాలామందికి కత్తులు, దుమ్ము, దౌడు ఇవే గుర్తొస్తాయి, సినిమాల్లో చూపించేది కూడా అదే కాబట్టి. కానీ గుర్రపు సైన్యం వాడిన మాటల్ని ఒక్కొక్కటే పట్టుకుని చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. సిలేదారు, బారిగీరు, పాగా, దాగు, అసామీ, చందా, ఇవన్నీ యుద్ధం మాటలు అనుకుంటాం గానీ వీటిలో ఎక్కువ భాగం ఖాతా పుస్తకం మాటలే. గుర్రం ఎవరు కొన్నారు, దాణా ఎవరు పెడుతున్నారు, అది చస్తే నష్టం ఎవరి మీద పడుతుంది, ఈ మూడు ప్రశ్నలకి జవాబుగానే ఆ పేర్లు పుట్టాయి. కర్నూలు, అనంతపురం, కడప చుట్టుపక్కల చరిత్ర చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది, ఎందుకంటే ఇక్కడ గుర్రం ఎప్పుడూ సులువుగా దొరికిన వస్తువు కాదు.

సీమ నేల ఎద్దుకి, గొర్రెకి, మేకకి పనికొచ్చే నేల. పెద్ద గుర్రాల్ని తరతరాలుగా పెంచాలంటే ఏడాది పొడుగునా పచ్చిక కావాలి, అది ఇక్కడ లేదు. అందుకే మంచి గుర్రం అంటే బయట నుంచి రావాల్సిందే. పాత కావ్యాల్లో గుర్రాల పేర్లు చూడండి, సైంధవం, కాంభోజం, పారసీకం, బాహ్లికం, అన్నీ ఊళ్ళ పేర్లే, దేశాల పేర్లే. తర్వాత వచ్చిన తేజీ కూడా అంతే, అరబ్బు గుర్రాన్ని పర్షియన్‌లో తాజీ అనేవాళ్ళు, దాన్నుంచి వచ్చిందే ఇది. మనకి సొంతంగా మిగిలింది తట్టు గుర్రం, అంటే పొట్టిది, మూటలు మోయడానికి, కొండదారుల్లో తిరగడానికి పనికొచ్చేది. 13వ శతాబ్దం చివర్లో దక్షిణాదికి వచ్చిన మార్కోపోలో, ఇక్కడి రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారు గానీ సరిగ్గా సాకడం తెలియక, లాడాలు కొట్టేవాళ్ళు లేక అవి చచ్చిపోతున్నాయని రాసుకున్నాడు. కొంత అతిశయోక్తి ఉండొచ్చు, కానీ దిగుమతి ఆగకుండా సాగిందనేది మాత్రం నిజం.

అంత ఖరీదైన సరుకు కాబట్టే లాయం చూసుకునేవాడు మామూలు నౌకరు కాలేదు, పెద్ద అధికారి అయ్యాడు. కాకతీయుల కాలంలో సాహిణి అనే బిరుదు శాసనాల్లో కనిపిస్తుంది, గుర్రాల బాధ్యత చూసే దండనాయకుడు అని దాని భావం. గణపతిదేవుడి కొలువులో గండపెండార గంగయ సాహిణి అలాంటివాడే. కాయస్థ వంశం వాళ్ళు, కడప జిల్లాలోని వల్లూరు వాళ్ళ రాజధాని. గుర్రాల దళం చేతిలో ఉంది కాబట్టి రాజ్యంలో పెద్ద ముక్క వాళ్ళ చేతికి వచ్చింది, తర్వాత అదే వంశంలో అంబదేవుడు రుద్రమదేవి మీద తిరగబడి సొంతంగా ఏలే దాకా పోయాడు. లాయం తాళం ఎవరి దగ్గరుంటే బలం వాళ్ళది అన్నమాట. ఇది మన దగ్గరే కాదు, మొఘలుల దగ్గర మీర్ ఆఖూర్ అంటే లాయం పెద్ద, చక్రవర్తికి బాగా దగ్గరగా ఉండే పదవి అది. యూరప్‌లో కూడా కానిస్టేబుల్ అనే మాట లాటిన్‌లో లాయం అధికారి అనే అర్థం నుంచి వచ్చింది, మార్షల్ అంటే మొదట్లో గుర్రాల్ని చూసుకునే పనివాడు. ఇవాళ కర్నూలు వన్‌టౌన్ స్టేషన్‌లో డ్యూటీ చేసే కానిస్టేబుల్‌కీ, ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్ మార్షల్‌కీ పదవి పేరు వచ్చింది గుర్రాల కొట్టం నుంచే.

విజయనగరం రోజులకి వచ్చేసరికి ఈ లెక్క ఇంకా పెద్దదైంది. అప్పట్లో మూడు సింహాసనాల గురించి ఒక వాడుక ఉండేది, ఢిల్లీ వైపు తురకల రాజు అశ్వపతి, ఒరిస్సా రాజు గజపతి, విజయనగర రాజు నరపతి. అంటే ఉత్తరాది వాళ్ళ బలం గుర్రం, తూర్పు వాళ్ళది ఏనుగు, మన వాళ్ళది కాల్బలం అని లోకం ఒప్పుకున్న మాట. ఆ లోటు పూడ్చుకోడానికే విజయనగరం రాజులు పర్షియా వైపున్న హోర్ముజ్ రేవు నుంచి గుర్రాలు తెప్పించడానికి అంత డబ్బు పోశారు. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి న్యూనిజ్ రాసినదాని ప్రకారం రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడు. అంతకుముందు సాళువ నరసింహుడి సంగతి ఆయన రాసింది ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది, మూడు గుర్రాలకి వెయ్యి పరదావుల, అంటే బంగారు నాణేల, లెక్కన బతికినవీ చచ్చినవీ అన్నీ కొనేవాడంట, సముద్రంలో చచ్చిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానికి ఇచ్చినట్టే డబ్బులు ఇచ్చేవాడంట. ఇది పిచ్చి దానం అనుకుంటే పొరపాటు. దారిలో నష్టం వస్తే వ్యాపారి మీద పడదని భరోసా ఇస్తే పడవలు ఇటే వస్తాయి, శత్రువు రేవుకి పోవు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చెప్పిన రాజనీతి కూడా ఇదే దారిలో ఉంటుంది, ఏనుగులు మంచి గుర్రాలు తెచ్చే దూరదేశం వర్తకులకి ఊళ్ళూ ఇళ్ళూ మర్యాదా లాభం ఇచ్చి మనవాళ్ళుగా ఉంచుకోవాలి, అప్పుడు ఆ సరుకు శత్రువులకి చేరదు అని. హంపిలో మహానవమి దిబ్బ రాళ్ళ మీద గుర్రాల్ని తోలుకొచ్చే విదేశీ వర్తకుల బొమ్మలు చెక్కి ఉన్నాయి, అనంతపురం నుంచి బళ్ళారి మీదుగా హంపి పోయేవాళ్ళు వాటిని కాసేపు నిలబడి చూడటం మంచిది, ఎందుకంటే ఒక రాజ్యం తన దిగుమతుల్ని సింహాసన వేదిక రాతి మీద చెక్కించుకుంది అంటే ఆ సరుకు విలువ ఎంతో అర్థమవుతుంది.

రాజు కొన్న గుర్రాలు నేరుగా రాజు దగ్గరే ఉండేవి కావు, అమరనాయకులు అనే సర్దార్లకి భూములు ఇచ్చి ఇన్ని గుర్రాలు, ఇంత కాల్బలం, ఇన్ని ఏనుగులు పెట్టాలి అని షరతు పెట్టేవాళ్ళు. అంటే భూమి శిస్తు దాణాగా మారేది. ఈ పద్ధతిలో ఎప్పుడూ ఉండే రోగం ఒకటే, కాగితం మీద వంద గుర్రాలు, లాయంలో అరవై. ఉత్తరాదిలో అలావుద్దీన్ ఖిల్జీ దీనికి మందుగా దాగు పెట్టాడు, గుర్రం తొడ మీద ముద్ర కాల్చడం, దాంతో పాటు రౌతు ముఖం ఆనవాళ్ళు రాసి పెట్టుకునే హులియా. అక్బర్ దాన్ని మళ్ళీ తెచ్చి ప్రతి మన్సబ్‌దారుకి, అంటే హోదా ఇచ్చిన అధికారికి, జాత్, సవార్ అని రెండు అంకెలు పెట్టాడు, జాత్ అంటే వాడి హోదా, సవార్ అంటే వాడు పెట్టాల్సిన గుర్రపు రౌతుల లెక్క. తనిఖీ రోజున పక్కవాడి గుర్రం అరువు తెచ్చి చూపించడం, అరబ్బు గుర్రం పేరు మీద తట్టుని నిలబెట్టడం, ఇవన్నీ అంత మామూలుగా జరిగేవి కాబట్టే ముద్ర అవసరమైంది. 1687లో గోల్కొండ పడిపోయాక మొఘల్ అధికారం కర్నూలు, కడప దాకా దిగింది, ఆ తర్వాత రెండు చోట్లా పఠాన్ నవాబులు స్థిరపడ్డారు, వాళ్ళ బలమంతా గుర్రపు రౌతులే. ఈ మాటలన్నీ సీమ కచేరీల్లోకి వచ్చింది ఆ దారినే.

ఇప్పుడు అసలు మాటల దగ్గరికి వద్దాం, సిలేదారు, బారిగీరు. మరాఠా సైన్యంలో ఇవి రెండు వేరు వేరు మనుషులు. సిలేదారు సొంత గుర్రంతో సొంత ఆయుధంతో వచ్చి చేరేవాడు, జీతం ఎక్కువ. బారిగీరు చేతులూపుకుంటూ వస్తాడు, గుర్రం సర్కారుది లేదా సర్దారుది, జీతం తక్కువ. ఇవాళ లారీ ఫీల్డులో సొంత బండి నడుపుకునే డ్రైవర్‌కీ, ఓనర్ బండి మీద జీతానికి పోయే డ్రైవర్‌కీ ఉన్న తేడా లాంటిదే ఇది, పని ఒకటే, స్టీరింగ్ ఒకటే, కానీ టైరు పగిలితే ఎవరి గుండె పగులుతుందో అక్కడ తేడా. సిలేదారు గుర్రం యుద్ధంలో చచ్చిందంటే వాడి పెట్టుబడి పోయింది, మళ్ళీ కొనలేకపోతే బారిగీరుగా దిగిపోవాల్సిందే. మొఘల్ సైన్యం మీద రాసిన చరిత్రకారులు కూడా ఇదే చెప్పారు, గుర్రం తనదైనప్పుడు రౌతు తన ప్రాణం కన్నా గుర్రాన్ని ఎక్కువ కాపాడుకునేవాడు, ముఖాముఖి దాడిలోకి దూకడానికి వెనకాడేవాడు. దాన్ని పిరికితనం అనేయడం అన్యాయం. ఇంట్లో అందరి తిండీ ఆ నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉన్నప్పుడు ఎవడైనా అట్లే లెక్కేసుకుంటాడు. దాడి చేసి దోచుకుని మాయమవడం, శత్రువు సరుకు బండ్లని తెంపేయడం, పల్లెల్ని కాల్చడం, ఈ పద్ధతి యుద్ధం ఎందుకు అంతగా పెరిగింది అంటే ఒక కారణం ఇక్కడ ఉంది.

శివాజీ ఈ చిక్కు గుర్తించాడు కాబట్టి పాగా మీద ఎక్కువ ఆధారపడ్డాడు. పాగా అంటే సర్కారు సొంత గుర్రాల దళం, మొదట దాని అర్థం గుర్రాలు కట్టే చోటు. హైదరాబాద్ పాయిగా అమీర్ల పేరులో ఉన్నది కూడా ఈ మాటే, నిజాం సొంత గుర్రపు దళాన్ని పోషించడానికి జాగీర్లు పొందిన కుటుంబాలు వాళ్ళు. శివాజీ పాగాలో 25 మంది బారిగీర్ల మీద ఒక హవల్దారు, ఆ 25 గుర్రాలకి ఒక నీళ్ళు మోసేవాడు, ఒక నాల్‌బందు. ఈ చివరి ఇద్దరి గురించి ఎవరూ పాటలు కట్టలేదు గానీ వాళ్ళు లేకపోతే దళం నాలుగు రోజులు కూడా నడవదు. నాల్‌బందు అంటే లాడాలు కొట్టేవాడు, లాడం ఊడిన గుర్రం రాతి నేల మీద ఒక్క పూట నడిస్తే కుంటిదవుతుంది, సీమలో అయితే నేలంతా రాళ్ళే. గుర్రాలు పోయాక ఆ చేతిపని ఎద్దుల లాడాల మీద బతికింది, ఇప్పుడు ట్రాక్టర్ వచ్చి అది కూడా తగ్గిపోయింది.

సిలేదారు, బారిగీరు తర్వాత మూడో రకం ఉంది, పిండారీలు. వీళ్ళకి జీతమే లేదు, గుర్రం వీళ్ళదే, దాణా దారిలో దోచుకున్నదే. 1816లో గుంటూరు మీద పడి దోచింది వీళ్ళే. ఒక సైన్యం తన గుర్రాల ఖర్చుని పూర్తిగా జనం మీదకి నెట్టేస్తే అది ఎట్లా తయారవుతుందో పిండారీ అనే పేరులోనే కనిపిస్తుంది.

సీమలో ఈ కథ నడిచిన చోటు చెప్పాలంటే గుత్తి. మురారిరావు ఘోర్పడే గుత్తి కోటని కేంద్రంగా పెట్టుకుని తన మరాఠా గుర్రపు దళాన్ని ఎవరికి కావాలంటే వాళ్ళకి అద్దెకి ఇచ్చాడు, 1751లో ఆర్కాట్ ముట్టడి టైంలో ఇంగ్లీషు కంపెనీ అధికారి క్లైవ్‌కి సాయంగా కదిలింది ఆయన దగ్గరున్న 6,000 గుర్రాలే. అంత రిసాలా ఉన్నవాడు 1776లో హైదర్ అలీకి గుత్తి అప్పగించాల్సి వచ్చింది, కోటలో నీళ్ళు అయిపోయాయి. మైదానంలో గుర్రం ఎంత బలమో, కొండ మీద కోటలో చిక్కుకున్నప్పుడు అంత భారం, అది మనిషి కన్నా ఎన్నో రెట్లు నీళ్ళు తాగుతుంది. గుత్తి కొండ ఎక్కి చూసినవాళ్ళకి ఆ బావులు, దొనలు చూస్తే ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. హైదర్ సైన్యంలో కూడా అదే విభజన, సర్కారు లాయం గుర్రాలు వేరు, సిలేదారు గుర్రాలు వేరు. 1770ల చివర్లో ఆయన కడప నవాబుని కూడా దించేశాడు, దాంతో కడపలో పఠాన్ రౌతుల కథ దాదాపు ముగిసింది.

గుర్రంకొండ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి, అది 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా కడప జిల్లాలోనే ఉండేది. కోటని ఒక గుర్రం కాపలా కాసేదని, అది ఉన్నంత కాలం కోట ఎవరికీ లొంగలేదని, ఒక మరాఠా దొంగ దాన్ని ఎత్తుకుపోయాకే కోట పడిందని అక్కడ కథ. కథని కథగానే తీసుకోవాలి, కానీ రాజునో బురుజునో కాకుండా గుర్రాన్ని దొంగిలిస్తే కోట పోయిందని జనం చెప్పుకున్నారు చూడండి, బలం ఎక్కడుందో వాళ్ళకి బాగా తెలుసు.

దాణా గురించి ఒక మాట. దక్షిణాదిలో గుర్రాలకి ఉడకబెట్టిన ఉలవలు పెట్టేవాళ్ళు, ఇంగ్లీషు వాళ్ళు ఉలవకి హార్స్ గ్రామ్ అని పేరు పెట్టింది అందుకే. సీమ మెట్ట పొలాల్లో వానలు అటూ ఇటూ అయినా పండే పంట అది. ఒక పెద్ద దండు ఒక ఊరి పక్కన రెండు వారాలు దిగిందంటే ఆ చుట్టుపక్కల ఉలవలు, జొన్నచొప్ప, గడ్డి అన్నీ ఖాళీ, ఊరి ఎద్దులకి మిగలదు. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు అనే సామెత పుట్టింది ఇట్లాంటి అనుభవం లోంచే అనుకోవచ్చు. యుద్ధంలో గెలిచిందీ ఓడిందీ రాజుకి ముఖ్యం, రైతుకి మాత్రం దండు ఏ వైపుదైనా ఒకటే.

ఇంగ్లీషు వాళ్ళు వచ్చాక గుర్రం లెక్క పోలేదు, వాళ్ళు అదే మాటని అట్లాగే తీసుకుని సిలేదార్ సిస్టమ్ అన్నారు. బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో చాలా కావల్రీ రెజిమెంట్లు ఈ పద్ధతిలోనే నడిచాయి. కొత్తగా చేరే కుర్రవాడు గుర్రం, జీను, బట్టలు వీటి కోసం డిపాజిట్ కట్టాలి, దాని పేరు అసామీ, ఉద్యోగం వదిలేటప్పుడు వెనక్కి వస్తుంది. గవర్నమెంటు ఇచ్చేది తుపాకీ, తూటాలు మాత్రమే. గుర్రం చస్తే కొత్తది కొనడానికి అందరి జీతంలో కోసి పెట్టే చందా ఫండ్ ఉండేది, అంటే పక్కా ఇన్సూరెన్స్. ప్రతి ఇద్దరు సవార్లకి కలిపి ఒక తట్టు, ఒక గడ్డికోసేవాడు, వాడి జీతం కూడా వాళ్ళే. డబ్బు కట్టగలిగిన రైతు కుటుంబం నుంచి వచ్చినవాడే చేరగలడు కాబట్టి సవార్‌కి ఒక పరువు ఉండేది, పటాలంలో చేరిన కాల్బలం సిపాయిని కొంచెం చిన్నచూపు చూసేవాళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధంలో సముద్రం అవతల గుర్రాలు కుప్పలు కుప్పలుగా పోయేసరికి ఏ చందా ఫండూ తట్టుకోలేకపోయింది, యుద్ధం అయ్యాక ఆ పద్ధతిని ఎత్తేశారు.

మద్రాసు ప్రెసిడెన్సీ కావల్రీ మాత్రం సిలేదార్ పద్ధతిలో లేదు, గుర్రాలు సర్కారువే. దాని మూలం ఆర్కాట్ నవాబు గుర్రపు దళం, నవాబు దగ్గర డబ్బుల్లేక జీతాలు బకాయి పడ్డాయి, 1784లో ఆర్ణి దగ్గర ఆ రెజిమెంట్లలో తిరుగుబాటు కూడా జరిగింది. ఆ నవాబు దళంలోంచి వచ్చిందే ఇప్పటి 16 లైట్ కావల్రీ, ఇది మన దక్షిణాది కుర్రవాళ్ళు చేరే రెజిమెంట్, తెలుగువాళ్ళు కూడా ఉంటారు. 1938లో సింధ్ హార్స్ లాంటి రెజిమెంట్ల నుంచి గుర్రాలు తీసేసి ఇంజన్ బండ్లు ఇవ్వడం మొదలైంది, తర్వాత అన్నీ ట్యాంకుల్లోకి మారాయి. కానీ పేర్లు మారలేదు. పూనా హార్స్, డెక్కన్ హార్స్, స్కిన్నర్స్ హార్స్, ఒక్కదాంట్లో కూడా యుద్ధానికి గుర్రం లేదు. డెక్కన్ హార్స్ వాళ్ళు 1916లో ఫ్రాన్స్‌లో గుర్రాల మీద దాడి చేశారు, 1965లో అసల్ ఉత్తర్ దగ్గర ట్యాంకులతో పోరాడారు, పేరు ఒకటే. నిజంగా గుర్రాలతో మిగిలింది జైపూర్‌లోని 61 కావల్రీ, 1953లో సంస్థానాల గుర్రపు దళాల్ని కలిపి తయారు చేసింది. 1918 సెప్టెంబర్ 23న హైఫా పట్టుకున్న బ్రిగేడ్‌లోని మైసూర్, జోధ్‌పూర్, హైదరాబాద్ లాన్సర్ల గుర్తుగా ఢిల్లీలో తీన్ మూర్తి విగ్రహాలు ఉన్నాయి.

సీమ నుంచి ఒక కుర్రవాడు ట్యాంక్ రెజిమెంట్‌లో సెలెక్ట్ అయితే ఊళ్ళో "మావోడు మిలిట్రీలో ఉండాడు" అంటారు గానీ, కాగితం మీద వాడి ర్యాంకు సవార్. కాల్బలంలో నాయక్, హవల్దార్, సుబేదార్ అయితే వీళ్ళకి లాన్స్ దఫేదార్, దఫేదార్, రిసాల్దార్. 1965 దాకా జమేదార్ అనే ర్యాంకు ఉండేది, దాన్ని నాయబ్ రిసాల్దార్ చేశారు. గుర్రం ఎక్కినట్టే ట్యాంక్ ఎక్కడానికి కూడా మౌంట్ అనే ఆర్డరే ఇస్తారు.

ఇక్కడ గమనించాల్సింది ఏ మాటలు చచ్చిపోయాయి, ఏవి బతికాయి అన్నది. సిలేదారు, బారిగీరు, దాగు, డిపాజిట్ అర్థంలో అసామీ ఇవాళ సీమలో దాదాపు ఎవరికీ తెలియవు, జీతం ఇచ్చే సర్కారు పోయేసరికి లెక్కల మాటలు కూడా చాలావరకు పోయాయి. స్వారీకి సంబంధించినవి మాత్రం జనం నోట్లో గట్టిగా ఉన్నాయి. ధరలకి కళ్ళెం వేయాలంటారు, ఫలానా పార్టీ ఫలానా నియోజకవర్గంలో పాగా వేసిందంటారు, కలెక్టరేట్ ముందు అంగన్‌వాడీలు కదం తొక్కారని పేపర్లో హెడ్డింగ్ పెడతారు, కదను తొక్కడం అసలు గుర్రం పని. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని ఆఫీసుల్లో కొత్త బాస్ గురించి చెప్పుకుంటారు.

ఆ కలెక్టరేట్ లోపలికి పోతే ఇట్లాంటి మాటలు ఇంకో రెండు దొరుకుతాయి. 1800లో దత్తమండలాలు, అంటే ఈ సీమ ప్రాంతం, ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక కంపెనీ అధికారి థామస్ మన్రో ఏడేళ్ళు ఇక్కడ కలెక్టర్‌గా ఉండి, ఊరూరూ తిరిగి శిస్తు లెక్కలు తేల్చాడు, తర్వాత 1827లో పత్తికొండలో చనిపోయాడు. చెన్నైలో ఆయన విగ్రహం గుర్రం మీదే ఉంటుంది, జీను లేదు, కాళ్ళు పెట్టుకునే రికాబులు లేవు. ఆ కాలంలో పాళెగాళ్ళ బలగాలు రద్దయ్యాయి, గుర్రపు దళాలు పోయాయి, కచేరీలు పెరిగాయి. దళాలు పోయినా వాటి పదవుల పేర్లు కచేరీ కొలువుల్లో నిలబడ్డాయి. బంటు, రౌతు కలిసి బంట్రోతు అయ్యింది, ఇవాళ ఫైలు మోసే మనిషి. కలెక్టర్ గది బయట డవాలు బిళ్ళ వేసుకుని నిలబడే దఫేదార్‌ది గుర్రపు దళంలో సార్జెంట్‌తో సమానమైన ర్యాంకు పేరు, 16 లైట్ కావల్రీలో ఇప్పటికీ అదే పేరుతో ట్యాంకు మీద కూర్చుంటున్నారు, కర్నూలు, అనంతపురం, కడప కలెక్టరేట్లలో అదే పేరుతో విజిటర్లని లోపలికి పంపిస్తున్నారు, ఇద్దరికీ జీతం సర్కారుదే.